ఈక వాలు వెంటే గీత: మార్క్ కేట్స్‌బీ పక్షుల ఎచింగులపై ఒక కేస్ స్టడీ

పక్షి చిత్రకళ అనగానే మన దగ్గర ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు అమెరికా పక్షుల పుస్తకం వేసిన చిత్రకారుడు ఆడుబాన్ పేరు చెబుతారు. భారీ కాగితం, 435 ప్లేట్లు (అచ్చు బొమ్మల పేజీలు), పేజీలోంచి లేచి మీదకొస్తాయేమో అనిపించే పక్షులు. ఆ పుస్తకం 1827, 1838 మధ్య భాగాలుగా వచ్చింది. దానికి దాదాపు వందేళ్ల ముందే అదే అమెరికా పక్షులను మార్క్ కేట్స్‌బీ అనే ఇంగ్లిష్ ప్రకృతి పరిశీలకుడు గీశాడు. గీసినవాటిని అచ్చు కోసం రాగిరేకుల మీద తన చేత్తోనే ఎచింగ్ చేశాడు, అంటే సూదితో గీసి ఆసిడ్‌తో గీతలు దింపాడు. అచ్చయిన కాగితాలకు రంగులు వేసే పనీ తన కళ్లముందే జరిపించుకున్నాడు.

నేను ఎచింగ్ చేస్తాను, ప్రింట్‌మేకింగ్ నేర్పుతాను, పక్షుల బొమ్మల పనులు వస్తే ఒప్పుకుంటాను. క్లాసులో కేట్స్‌బీ ప్లేట్లు స్క్రీన్ మీద పెడితే ఎప్పుడూ ఒకటే మాట వస్తుంది: "ఇదేంటి మేడమ్, ఇంత ఫ్లాట్‌గా ఉంది?" ఫ్లాట్‌గా ఉన్న మాట నిజమే. నీడ దాదాపు లేదు, లోతు లేదు, కొన్ని పక్షుల కాళ్లు కొమ్మను పట్టుకున్నట్టు కాక కొమ్మ మీద అతికించినట్టు ఉంటాయి. చేతకాక అలా వచ్చిందా, కావాలని అలా ఉంచాడా అన్నది తేల్చుకుందామనే ఈ కేసు పట్టుకున్నాను. నాకు అర్థమైనంతలో రెండూ నిజమే. చిత్రకళ నేర్చుకోని మనిషి తన చేతికి వచ్చిన పద్ధతినే తీసుకుని, అచ్చుకీ రంగుకీ పక్షిశాస్త్రానికీ పనికొచ్చేలా బిగించుకున్నాడు. ఆ బిగింపు ఎక్కడ జరిగిందో రాగిరేకు మీద పని చేసేవాళ్లకు కాస్త తేలిగ్గా కనిపిస్తుంది.

ముందు షికారు, తర్వాత పని

కేట్స్‌బీ 1683లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. 1712లో వర్జీనియా వెళ్లాడు. అక్క ఎలిజబెత్ అక్కడి వైద్యుడు విలియం కాక్‌ను పెళ్లి చేసుకుని విలియమ్స్‌బర్గ్‌లో ఉండేది. ఏడేళ్లు అక్కడే తిరిగాడు. ఈ ఏడేళ్ల గురించి తన పుస్తకం ముందుమాటలో ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చుతుంది: చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఊరికే చూసి ఆనందించడంతోనే ఎక్కువ కాలం గడిపేశాను అంటాడు. విత్తనాలు, ఎండబెట్టిన మొక్కలు మాత్రం ఇంగ్లండ్‌కు పంపుతూ ఉన్నాడు.

1719లో తిరిగొచ్చాక ఆ సేకరణలు, బొమ్మలు చూసి వృక్షశాస్త్రవేత్త విలియం షెరార్డ్, మరికొందరు పెద్దమనుషులు కలిసి డబ్బు పోగు చేశారు. సౌత్ కరోలినా గవర్నర్‌గా వెళుతున్న ఫ్రాన్సిస్ నికల్సన్ ఏడాదికి 20 పౌండ్లు ఇస్తానన్నాడు. 1722 మే నెలలో కేట్స్‌బీ చార్లెస్టన్‌లో దిగాడు. 1725 వరకు కరోలినా ప్రాంతం, తర్వాత బహామా దీవులు, 1726లో మళ్లీ లండన్.

ఫీల్డ్‌లో ఆయనకు ఒక క్రమం ఉండేది. ఒకే ఋతువులో ఒకే చోటికి రెండోసారి వెళ్లడు. ఈ వసంతం తీరప్రాంతంలో గడిపితే వేసవికి నదుల పైభాగాలకు వెళ్లేవాడు, మరుసటి ఏడాది అది తిరగేసేవాడు. అలా రెండేళ్లలో రెండు కొసలనూ అన్ని కాలాల్లో చూడగలిగాడు. సవానా నది ఒడ్డున, తీరానికి చాలా లోపల ఉన్న ఫోర్ట్ మూర్ దాకా వెళ్లాడు. కాగితాలు, రంగులు, ఎండు మొక్కలు ఉన్న పెట్టె మోయడానికి ఒక స్థానిక ఆదివాసీని పెట్టుకున్నాడు. తను తిన్నది ఆదివాసీలు వేటాడి తెచ్చిందేనని, వాన వచ్చేలా ఉంటే వాళ్లు ముందుగా చెట్టు బెరడుతో గుడిసె వేసి తననూ తన సామాన్లనూ తడవనివ్వలేదని రాసుకున్నాడు. ఆయన ఉత్తరాల్లో ఒక బానిస బాలుణ్ణి కొనే ప్రస్తావన కూడా ఉంది. ఆనాటి కరోలినాలో అది ఎవరికీ వింతగా తోచలేదు. ఈ బొమ్మలు తడవకుండా లండన్ చేరడం వెనక ఎవరెవరి చేతులున్నాయో అనుకున్నప్పుడు ఈ రెండు విషయాలూ కలిపే గుర్తు పెట్టుకోవాలి.

అన్నీ గీయడానికి టైమ్ లేదు. ఏది ముందు? పక్షులను ఎంచుకోవడానికి ఆయన చెప్పిన కారణాలు సూటిగా ఉంటాయి. చేతికి అందే జంతువుల్లో ఎక్కువ రకాలు పక్షుల్లోనే ఉన్నాయి, రంగులు బాగుంటాయి, పైగా అవి తినే మొక్కలతో, తిరిగే చెట్లతో వాటికి దగ్గరి సంబంధం ఉంది. పురుగూ పామూ అని అన్నీ కలగాపులగంగా గీస్తే చాలా పక్షులు మిగిలిపోతాయి. కాబట్టి పక్షుల సంగతి వీలైనంత పూర్తి చేద్దాం. పుస్తకం మొదటి సంపుటంలోని 100 ప్లేట్లూ పక్షులే కావడానికి కారణం ఇదే.

"ఒరిజినల్ మాకే ఇవ్వండి"

ఇలస్ట్రేషన్ పని చేసేవాళ్లకు బాగా తెలిసిన తలనొప్పి ఒకటి కేట్స్‌బీకీ వచ్చింది. డబ్బు పెట్టినవాళ్లు విత్తనాలు, మొక్కలు, పక్షుల చర్మాలు పంపమన్నారు. అది ఒప్పందమే. కానీ బొమ్మలు కూడా తలా కొన్ని పంపమని అడగడం మొదలుపెట్టారు. 1724లో వాళ్లలో ఒకడైన హాన్స్ స్లోన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన మర్యాదగానే అడ్డం తిరిగాడు: బొమ్మలన్నీ ఒక్కచోట ఉంచి, చెక్కించి, పక్షుల, ఇతర జంతువుల చరిత్రగా వెయ్యాలన్నది నా ఆలోచన, విడివిడిగా పంచేస్తే ఆ ఆలోచన పూర్తిగా దెబ్బతింటుంది.

మొత్తం కేసులో కీలకమైన నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం. స్లోన్ లాంటి సంపన్న సేకర్త మాట కాదనడం చిన్న టెన్షన్ కాదు. ఒక్కో బొమ్మను అడిగినవాళ్లకు ఇచ్చుకుంటూ పోతే అవి ఎవరెవరి అల్మారాల్లోనో పడి ఉండేవి. అచ్చు వెయ్యాలంటే వంద బొమ్మలు ఒకే బల్ల మీద, ఒకే సైజు పద్ధతిలో, ఒకే రంగుల పొందికతో ఉండాలి. ఆయన గట్టిగా పట్టుకోబట్టే ఆ ఒరిజినల్ వాటర్ కలర్లు ఒకే కట్టగా మిగిలాయి. 1768లో మూడో జార్జ్ వాటిని కొన్నాడు, ఇప్పటికీ అవి విండ్సర్ కోటలోని రాజ సేకరణలో ఉన్నాయి.

సూది తనే పట్టాడు

లండన్‌లో దిగాక అసలు గోడ ఎదురైంది. అప్పట్లో బొమ్మ అచ్చు వెయ్యాలంటే రాగిరేకు మీద చెక్కించాలి. మంచి పనివాళ్ల కోసం పారిస్‌కో ఆమ్‌స్టర్‌డామ్‌కో వెళ్లమని సలహా ఇచ్చారు. ఆ ఖర్చు చూసి పుస్తకం ఆలోచనే మానుకోబోయాడు. అప్పుడు జోసఫ్ గూపీ అనే చిత్రకారుడు ఎచింగ్ నేర్పాడు. నలభై దాటిన వయసులో, మొక్కల నర్సరీల్లో పని చేసుకుంటూ, ఆయన సూది పట్టాడు.

ఎచింగ్, ఎన్‌గ్రేవింగ్ రెండూ ఒకటే అనుకునేవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎన్‌గ్రేవింగ్‌లో ఉక్కు పనిముట్టుతో రాగిని నేరుగా తొలుస్తారు. మణికట్టుకు ఏళ్ల తరబడి సాధన కావాలి. ఎచింగ్‌లో రేకు మీద మైనం, బిటుమెన్ కలిపిన పూత పూస్తారు. ఆ పూతను సూదితో గీకితే రాగి బయటపడుతుంది. రేకును ఆసిడ్‌లో ముంచితే గీకిన చోట మాత్రమే తినేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, అచ్చులో నల్లగా వస్తుంది. తర్వాత పూత తీసి, సిరా పట్టించి, పైన తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్‌లో లాగుతారు. బొమ్మ ఎడమ కుడి తారుమారై పడుతుంది. పెన్సిల్‌తో గీయగలిగిన చెయ్యి సూదితోనూ గీయగలదు కాబట్టి, పెద్ద వయసులో నేర్చుకునేవాళ్లకు ఎచింగే దారి.

ఇక్కడే ఆయన ముందుమాటలో మా వృత్తివాళ్లు ఆగి చదవాల్సిన వాక్యం ఉంది. చెక్కుడు పనివాళ్ల తరహాలో నేను చేయలేదు, గీతల మీద అడ్డగీతలు వేసే వాళ్ల క్రాస్ హ్యాచింగ్ వదిలేసి ఈకల తీరును అనుసరించాను, దానికి శ్రమ ఎక్కువ, కానీ పనికి అదే బాగా కుదిరిందనుకుంటున్నాను అంటాడు. ఇంకోచోట, తను చిత్రకారుడిగా శిక్షణ పొందినవాడు కాదని ఒప్పుకుంటూనే, ఫ్లాట్‌గా ఉన్నా ఖచ్చితంగా ఉండే పద్ధతి ప్రకృతి చరిత్రకు దర్జా అయిన పెయింటింగ్ పద్ధతి కంటే ఎక్కువ ఉపయోగం అంటాడు.

చాలామంది దీన్ని వినయంగా చదువుతారు. నేను టెక్నికల్ నోట్‌గా చదువుతాను. సరిగ్గా ఎందుకు ఎక్కువ శ్రమ, ఎందుకు బాగా కుదిరింది అన్నది రేకు మీద వేసి చూస్తే తెలుస్తుంది.

రెండు చతురస్రాల పరీక్ష

అమెరికా పక్షి నా కిటికీ ముందు వాలదు కాబట్టి పాలపిట్టను తీసుకున్నాను. రొమ్ము భాగం. గోధుమ, లేత ఊదా కలిసిన రంగు మీద తెల్లటి సన్నని చారలు ఈకల పొడవునా దిగుతాయి. ఒకే రాగిరేకు మీద పక్కపక్కన రెండు చతురస్రాలు గీసుకుని రెండింట్లోనూ అదే భాగం వేశాను. రేకును సుద్దపొడితో రుద్ది జిడ్డు తీయడం, పూత, కొవ్వొత్తి పొగ పట్టించడం, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచడం రెండింటికీ ఒకటే. తేడా గీతలోనే.

ఎడమవైపు స్టూడియోలో అందరం నేర్చుకున్న క్రాస్ హ్యాచింగ్. ముదురు కావాల్సిన చోట ఒక వరస గీతలు, వాటి మీద ఏటవాలుగా ఇంకో వరస. త్వరగా అయిపోయింది. నలుపు తెలుపులో అచ్చు లాగితే గుండ్రంగా, బరువుగా, నిజంగానే అందంగా ఉంది. గీతలు మరీ దగ్గరగా దాటుకున్న ఒకటి రెండు చోట్ల మధ్యనున్న పూత లేచిపోయి ఆసిడ్ లోపలికి పాకింది, చిన్న నల్ల మచ్చ పడింది. ఎచింగ్‌లో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉండేదే.

కుడివైపు ఈకను చూసి గీయాలి. ప్రతి ఈకకూ నడిమిన ఒక ఈనె, దానికి ఇరువైపులా ఏటవాలుగా పోగులు. రొమ్ము మీద ఈకలు పెంకుల్లా ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి, గొంతు దగ్గర చిన్నవిగా, పొట్ట వైపు వెడల్పుగా. అంటే గీత ఎక్కడ మొదలవ్వాలి, ఎటు వంగాలి, ఎక్కడ ఆగాలి అన్నది చేతి అలవాటు కాదు, పక్షి నిర్ణయిస్తుంది. ముదురు కావాలంటే అడ్డగీత వేసే వీల్లేదు. అదే దిశలో ఇంకో గీతను సందులో దూర్చాలి. చాలా ఎక్కువ సేపు పట్టింది. కళ్లు లాగేశాయి.

అచ్చు లాగాక నలుపు తెలుపులో కుడివైపుది నీరసంగా కనిపించింది. క్లాసులో ఎవరిని అడిగినా ఎడమదే బాగుందన్నారు. తర్వాత రెండింటి మీదా ఒకే వాటర్ కలర్ పల్చగా వేశాను. అంతే, తీర్పు తిరగబడింది. ఎడమవైపు రంగు కింద నల్ల వల కదలకుండా నిలబడింది, దోమతెర అవతల పిట్టను చూస్తున్నట్టు. తెల్ల చారలు ఆ వలలో కలిసిపోయాయి. కుడివైపు గీతలు రంగులోకి ఇంకిపోయి ఈక పోగులుగా మారాయి. చారలు చారలుగానే మిగిలాయి.

కేట్స్‌బీ పుస్తకం రంగుల పుస్తకం. సిరా గీత చివరి మాట కాదు, దాని మీద చేతితో రంగు పడుతుంది. నీడను సిరాలో పెట్టేస్తే రంగు మురికిగా కనిపిస్తుంది. పెట్టకపోతే బొమ్మ ఫ్లాట్‌గా ఉంటుంది. ఆయన ఫ్లాట్‌నే ఎంచుకున్నాడు. ఎచింగ్‌ను విడిగా ఒక కళాఖండంగా చూసి మార్కులు వేస్తే ఆయన తక్కువ తెచ్చుకుంటాడు. రంగు వేసిన పేజీగా చూస్తే లెక్క మారుతుంది.

15వ ప్లేట్, దగ్గరగా

బ్లూ జే అనే నీలిరంగు అమెరికా పక్షి ప్లేట్ తీసుకుందాం. నల్లటి పండ్లున్న స్మైలాక్స్ తీగ మీద పక్షి ముందుకు వంగి ఉంటుంది. తల మీద కుచ్చు నిక్కబొడుచుకుంది, నోరు తెరిచి అరుస్తోంది. పక్షులను, బహుకొద్ది తప్ప, ప్రాణంతో ఉండగానే గీశానని, ఒక్కో జాతికి ఉండే ప్రత్యేకమైన భంగిమను ఇచ్చానని కేట్స్‌బీ చెప్పుకున్నాడు. ఈ ప్లేట్ చూస్తే ఆ మాట నమ్మబుద్ధవుతుంది. చర్మం ఒలిచి దూది కూరిన పక్షిని పెట్టుకుని గీస్తే కుచ్చు ఎంత లేవాలో తెలియదు. జే కుచ్చు దాని మూడ్‌ను బట్టి లేస్తుంది, పడుతుంది. అరిచేటప్పుడు లేచి ఉందంటే ఎవరో ఆ పక్షితో కాసేపు గడిపారన్నమాట.

ఇప్పుడు రెక్కా తోకా చూడండి. బ్లూ జే ఈకల మీద నల్లటి అడ్డపట్టీలు ఉంటాయి, కొన్నింటి కొసలు తెలుపు. ఆ పక్షిని గుర్తుపట్టడానికి ఇవే ఆధారం. ఎచింగ్ గీతలు ఈక పొడవునా పోతున్నాయి, పట్టీలు ఈకకు అడ్డంగా ఉన్నాయి. అంటే నిలువుగా ఉన్నదంతా ఈక నేత, అడ్డంగా ఉన్నదంతా పక్షి ఒంటి మీది గుర్తు. రెండూ ఎక్కడా కలవవు. ఇదే చోట క్రాస్ హ్యాచింగ్ చేసి ఉంటే ఏ అడ్డగీత నీడ, ఏ అడ్డగీత పట్టీ అన్నది చూసేవాడికి తెలిసేది కాదు. బొమ్మ తప్ప పక్షిని ఎప్పుడూ చూడని మనిషికి ఆ తేడాయే అన్నీ.

అలాంటి మనిషి నిజంగానే ఒకాయన ఉన్నాడు. స్వీడన్‌లో కార్ల్ లినేయస్. 1758లో తన వర్గీకరణ గ్రంథం పదో ముద్రణలో చాలా అమెరికా పక్షులకు పేర్లు పెట్టేటప్పుడు ఆయన ఆధారపడింది కేట్స్‌బీ ప్లేట్ల మీదే. బ్లూ జే, ఎర్రటి కార్డినల్, దంతపు ముక్కు వడ్రంగిపిట్ట, కరోలినా చిలుక, ఇవన్నీ శాస్త్రంలోకి ఆ పేజీల మీదుగానే నడిచాయి. బ్లూ జే జాతి పేరులో ఉన్న క్రిస్టాటా అన్న మాట ఆ కుచ్చును చెప్పేదే.

మొక్కతో జత, అప్పుడప్పుడు అతి

కుదిరినచోటల్లా పక్షిని అది తినే మొక్కతోనో, దానికి ఏదో సంబంధం ఉన్న మొక్కతోనో కలిపి గీశానంటాడు కేట్స్‌బీ. కరోలినా చిలుక సైప్రస్ కొమ్మ మీద ఉంటుంది, దాని గింజలు తింటుంది కాబట్టి. ప్యాసింజర్ పావురం ఓక్ ఆకుల మధ్య ఉంటుంది. ఆ పావురాలు రాత్రికి వాలితే బరువుకి ఓక్ కొమ్మలు విరిగేవని, కింద రెట్ట అంగుళాల మందాన పేరుకునేదని వివరణలో రాశాడు. ఇలా కలపడంలో పొదుపు కూడా ఉందని నా అనుమానం. ఒక రేకు, ఒక కాగితం, ఒక అచ్చు. దాని మీదే పక్షుల పిచ్చివాళ్లకు పక్షి, తోటల పిచ్చివాళ్లకు మొక్క. ఆయన కొనుగోలుదారుల్లో తోటల మోజున్న దొరలు తక్కువేం కాదు.

అతి చేసింది ఫ్లెమింగో దగ్గర. 73వ ప్లేట్‌లో ఎర్రటి ఫ్లెమింగో వెనక ఆకుల్లేని పెద్ద చెట్టు కొమ్మలు చాచి నిలబడినట్టు ఉంటుంది. చెట్టు కాదు. సముద్రం అడుగున పెరిగే గోర్గోనియన్ పగడం. రెండూ బహామా నీళ్లవే, సంబంధం అంతవరకే. పక్కపక్కన పెట్టేసరికి పగడం పక్షి కంటే ఎత్తయింది. డిజైన్‌గా చూస్తే ఎరుపు వెనక ఆ ముదురు కొమ్మల జాలం అద్భుతంగా ఉంటుంది, పోస్టర్ చేసుకుని గోడకు పెట్టుకోవచ్చు. సమాచారంగా చూస్తే దారి తప్పించే బొమ్మ. 'ఏదో సంబంధం' అన్న తన సొంత నియమాన్నే తెగేదాకా లాగాడు.

అయితే వెంటనే తర్వాతి ప్లేట్‌లో లోటు తీర్చాడు. పెద్ద పక్షి పేజీలో పట్టాలంటే చిన్నది చెయ్యక తప్పదు, చిన్నది చేస్తే ముక్కు వివరం పోతుంది. కాబట్టి 74వ ప్లేట్‌లో ఫ్లెమింగో తలను మాత్రమే అసలు సైజులో గీశాడు. పులికాట్‌లో ఫ్లెమింగోలు మేస్తుంటే చూసినవాళ్లకు ఆ ముక్కు వింత తెలుసు: తల తిరగేసి, పైముక్కును అడుగు వైపు పెట్టి బురదనీళ్లు వడగడుతుంది. ఆ వంకర ముక్కుకు ఒక పేజీ పూర్తిగా ఇవ్వడం మంచి ఇలస్ట్రేటర్ తీసుకునే నిర్ణయం. నేను ఇన్ఫర్మేషన్ బోర్డులు చేసేటప్పుడు ఇదే అడుగుతాను, ఒక పూర్తి పక్షి, పక్కన ఒక భాగం అసలు సైజులో. ఎక్కువసార్లు "జాగా లేదండీ" అనే వస్తుంది.

ఇంకా లోపాలు ఉన్నాయి. ఎక్కువగా మగ పక్షులనే గీశాడు, వాటి రంగులే బాగుంటాయని. ఆడపక్షి వేరే రంగులో ఉండే జాతుల్లో ఇది పెద్ద లోటు. రెండో సంపుటంలో ఇగ్వానా లాంటి కొన్ని బొమ్మలకు తనకంటే చాలా ముందటి చిత్రకారుడు జాన్ వైట్ పాత చిత్రాల నకళ్లను ఆధారం చేసుకున్నాడు. పెద్ద మాగ్నోలియా పువ్వును మాత్రం గెయార్గ్ ఏరెట్ అనే చిత్రకారుడు గీసి ఎచింగ్ చేశాడు. ఆ ఒక్క పేజీ తిప్పగానే శిక్షణ పొందిన చెయ్యి అంటే ఏమిటో అర్థమైపోతుంది.

రంగు, డబ్బు

రంగుల విషయంలో ఆయన జాగ్రత్త ముందుమాటలోనే ఉంది, ముఖ్యంగా ఆకుపచ్చ రంగు గురించి. మెరుస్తూ కంటికి ఇంపుగా ఉన్నా అసహజంగా ఉండేవీ వెలిసిపోయేవీ పక్కన పెట్టి, ప్రకృతికి దగ్గరగా ఉండి నిలిచేవే వాడానంటాడు. ఆకుపచ్చలో మొక్కకు ఏదో ఒక కాలంలో రాని ఛాయ లేదని కూడా అంటాడు. కస్టమర్ ఎవరో "ఈ ఆకు ఇలా ఉండదు" అని అడిగితే ముందే చెప్పిపెట్టిన సమాధానంలా ఉంటుంది అది.

పుస్తకాన్ని 20 ప్లేట్ల భాగాలుగా అమ్మాడు, రంగులు వేసిన భాగం రెండు గినీలు (గినీ అంటే ఆనాటి ఇంగ్లండ్ బంగారు నాణెం). మొదటి భాగం 1729లో వచ్చింది. మొదటి సంపుటం పేరుపేజీ మీద 1731 అని, రెండోదాని మీద 1743 అని ఉంటుంది, అనుబంధం 1747లో పూర్తయింది. మొత్తం 220 ప్లేట్లు, పక్కన ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండు భాషల్లో వివరణ. మధ్యలో పీటర్ కాలిన్సన్ అనే బట్టల వ్యాపారి, తోటల ప్రేమికుడు వడ్డీ లేకుండా అప్పిచ్చి ఆదుకున్నాడు. 1733లో లండన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. పుస్తకం ముగిసిన రెండేళ్లకే, 1749 డిసెంబర్‌లో, కేట్స్‌బీ చనిపోయాడు.

చివరి ఏళ్లలోనే వలస పక్షుల మీద ఒక వ్యాసం రాయల్ సొసైటీకి ఇచ్చాడు. చలికాలంలో పిట్టలు గుహల్లోనో నీళ్ల అడుగునో నిద్రపోతాయని నమ్మే రోజులవి. బహామాల్లోని ఆండ్రోస్ దీవి దగ్గర ఓడ డెక్ మీద పడుకుని ఉండగా, వరుసగా మూడు రాత్రులు, రైస్ బర్డ్ అనే పిట్టల గుంపులు తల మీదుగా ఉత్తరం వైపు పోతున్న చప్పుడు విన్నానని ఆయన రాసిపెట్టాడు. చూపు ఆనని చీకట్లో కూడా పిట్టను గుర్తుపట్టే మనిషి కాబట్టే జే నోరు అలా తెరిపించగలిగాడు.

తర్వాత ఏం జరిగింది

ఆయన గీసిన పక్షుల్లో కొన్ని ఇప్పుడు లేవు. చివరి ప్యాసింజర్ పావురం 1914లో, బోనులో ఉన్న చివరి కరోలినా చిలుక 1918లో, రెండూ సిన్సినాటి జూలోనే చనిపోయాయి. దంతపు ముక్కు వడ్రంగిపిట్టను అందరూ ఒప్పుకునేలా చివరిసారి చూసింది 1944లో. ప్రాణంతో ఉన్నప్పుడు చూసి గీసిన బొమ్మలుగా ఈ ప్లేట్ల విలువ ఆయన ఊహించని వైపు పెరిగింది.

పద్ధతి కూడా మారింది. మద్రాస్ ప్రెసిడెన్సీలో డాక్టర్‌గా ఉన్న థామస్ జెర్డాన్ 1843, 1847 మధ్య మద్రాసులో భారతీయ పక్షుల చిత్రాలు 50 ప్లేట్లుగా వేసేనాటికి రాగి పోయి లితోగ్రఫీ, అంటే రాతి మీద గీసి అచ్చు వేసే పద్ధతి, వచ్చేసింది. మన చిత్రకారులు గీసినవి రాతి మీదికి ఎక్కాయి, రంగు మాత్రం ఇంకా చేతితోనే పడింది. జెర్డాన్ నెల్లూరులో కూడా పని చేశాడు. కడప ప్రాంతపు కలివికోడిని శాస్త్రానికి పరిచయం చేసింది ఆయనే. రాతి మీద మెత్తటి క్రేయాన్‌తో నీడ పల్చగా పెట్టొచ్చు, కాబట్టి కేట్స్‌బీ ఎదుర్కొన్న చిక్కు ఆ చిత్రకారులకు అదే రూపంలో లేదు. వాళ్ల పక్షుల్లో గుండ్రదనం కనిపించడానికి చేతి నైపుణ్యంతో పాటు ఇదీ ఒక కారణం.

కేట్స్‌బీ దగ్గర ఎచింగ్ నేర్చుకున్న జార్జ్ ఎడ్వర్డ్స్ గురువు పోయాక 1754లో పుస్తకాన్ని మళ్లీ తెచ్చాడు, 1771లో ఇంకో ముద్రణ వచ్చింది. అందుకే ఇంటర్నెట్‌లో స్కాన్లు చూసేటప్పుడు ఏ ముద్రణో ముందు చూసుకోండి. తర్వాతి ముద్రణల రంగులు ఆయన కళ్లముందు వేసినవి కావు, వాటిని పట్టుకుని ఆయన పచ్చరంగు మీద తీర్పు చెప్పలేం. రాగి కూడా అచ్చు లాగేకొద్దీ అరుగుతుంది, ముందుగా పోయేవి లోతు తక్కువైన సన్న గీతలు. మా విద్యార్థులకు నేనిచ్చే పని ఇది: రెండు వేర్వేరు ముద్రణల్లో 15వ ప్లేట్ దింపుకోండి, ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి, పొట్ట కింద లేత ఈకల దగ్గర జూమ్ చేయండి, ఎక్కడెక్కడ గీత తెగిందో ట్రేసింగ్ పేపర్ మీద గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే మీ సొంత పక్షికి సూది పట్టండి.